వెనక్కి పోయే రెక్క: చెయెన్ హెలికాప్టర్ కథ

దేవరకొండ, మల్లేపల్లి వైపు నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని హైదరాబాద్ పోతుంటే మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం వరసగా వస్తాయి. ఇంకొంచెం ముందుకు పోయి బొంగుళూరు దగ్గర పక్కకు తిరిగితే ఆదిబట్ల. టాటా, బోయింగ్ కంపెనీలు కలిసి పెట్టిన ఫ్యాక్టరీ అక్కడుంది. అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ఫ్యూజిలాజ్‌లు, అంటే ఇంజన్లూ రోటరూ (పైన తిరిగే రెక్కల చక్రం) బిగించక ముందుండే ఒట్టి బాడీలు, అక్కడ తయారై అమెరికాలోని అరిజోనాకు పోతాయి. మొదటిది 2018 జూన్‌లో బయటికొచ్చింది. 2021 నాటికి వంద దాటాయి.

అపాచీ పేరు అందరూ విన్నదే. నేను చెప్పాలనుకున్నది దానికంటే ముందు పుట్టి, సైన్యంలో చేరకుండానే ఆగిపోయిన మరో హెలికాప్టర్ గురించి. ఏహెచ్-56 చెయెన్. తయారైనవి పదే, అవన్నీ ప్రోటోటైప్‌లే, అంటే పరీక్షల కోసం చేసే తొలి నమూనాలే. కానీ యుద్ధ హెలికాప్టర్ చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఇదే. ఇది ఎక్కడ దెబ్బతిన్నదో చూస్తే అపాచీ ఇప్పుడున్న తీరు, మన దేశంలో తయారైన దాడి హెలికాప్టర్ ప్రచండ్ రోటర్ ఉన్న తీరు రెండూ అర్థమవుతాయి.

1960ల మొదట్లో వియత్నాం యుద్ధంలో సైనికులను అమెరికా హ్యూయీ హెలికాప్టర్లలో తీసుకుపోయి అడవుల్లో దింపేవారు. వాటికి కాపలాగా వెళ్లేవి కూడా హ్యూయీలే. పక్కలకు తుపాకులూ రాకెట్లూ కట్టేసరికి ఆ బరువుకు అవి మందగించి, కాపాడాల్సిన హెలికాప్టర్ల కంటే వెనకబడేవి. అందుకే దాడి కోసమే పుట్టిన, బాగా వేగంగా పోయే యంత్రం కావాలని సైన్యం 1964లో కంపెనీలను అడిగింది. లాక్‌హీడ్ ఎంపికైంది. పది ప్రోటోటైప్‌లకు 1966 మార్చిలో ఒప్పందం కుదిరింది.

వేగం కావాలని అడగడం తేలికే. హెలికాప్టర్‌కు అది సహజంగా వచ్చే గుణం కాదు. ఎన్నికలప్పుడు మన జూనియర్ కాలేజీ గ్రౌండుల్లో ఎర్రమట్టి లేపుకుంటూ దిగే హెలికాప్టర్‌ను చూసే ఉంటారు. దాని రెక్క కొసలు గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. నిలబడ్డ చోట తిరిగినంతసేపూ చిక్కులేదు, రెక్కలన్నిటికీ ఒకే గాలి. హెలికాప్టర్ గంటకు 300 కిలోమీటర్లతో ముందుకు పోతుందనుకోండి. ఒక పక్క రెక్క ముందుకొస్తోంది, దాని కొసకు తగిలే గాలి వేగం 1100. రెండో పక్క రెక్క వెనక్కి పోతోంది, దానికి తగిలేది 500 మాత్రమే. లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, గాలి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. లెక్క వేస్తే ఒక పక్క లిఫ్ట్ రెండో పక్కకంటే దాదాపు ఐదు రెట్లు. అట్లాగే వదిలేస్తే హెలికాప్టర్ పక్కకు ఒరిగి బోర్లాపడాల్సిందే.

స్పెయిన్ ఇంజనీర్ హువాన్ డి లా సియెర్వా తొలి ఆటోజైరోలకు (ఇంజన్‌తో కాక ఎదురుగాలికే తిరిగే రోటర్ ఉన్న విమానాలు) జరిగింది సరిగ్గా అదే. 1923లో ఆయన రెక్క మొదట్లో ఒక కీలు పెట్టాడు. ఎక్కువ లిఫ్ట్ వచ్చిన రెక్క పైకి లేస్తుంది, తక్కువ వచ్చింది కిందికి దిగుతుంది, రెండు పక్కలా లిఫ్ట్ సరితూగుతుంది. ఆ చిన్న కీలు లేకపోతే హెలికాప్టర్ అనేదే లేదు. అయినా హద్దు హద్దే. వేగం పెరిగేకొద్దీ వెనక్కి పోయే రెక్క గాలిని ఇంకా నిటారుగా కోయాల్సి వస్తుంది. ఒక దశ దాటాక గాలి రెక్కను విడిచిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. ఇంకో పక్కేమో ముందుకొచ్చే రెక్క ధ్వని వేగానికి దగ్గరవుతుంది. మామూలు హెలికాప్టర్లు గంటకు 300 దాటడానికి అవస్థ పడేది ఇందుకే.

లాక్‌హీడ్ రెండు ఎత్తులు వేసింది. మొదటిది, తోక చివర వెనక్కి చూసే ప్రొపెల్లర్. వేగం అందుకున్నాక ముందుకు నెట్టే పని అది చూసుకుంటుంది, బాడీకి రెండు పక్కలా కదలకుండా ఉండే చిన్న రెక్కల జత బరువు మోస్తుంది, పైనున్న రోటర్‌కు భారం తగ్గుతుంది. రెండోది ఇంకా సాహసం. సియెర్వా పెట్టిన కీలునే తీసేశారు. రెక్కలు రోటర్ తలకు గట్టిగా బిగించి ఉంటాయి. కీళ్లు పోతే బరువు తగ్గుతుంది, పైలట్ చెయ్యి కదిపిన వెంటనే యంత్రం మాట వింటుంది. కానీ గాలి ఊపు ఎంత వచ్చినా తిన్నగా బాడీ మీదికే వస్తుంది. దాన్ని అదుపులో పెట్టడానికి లాక్‌హీడ్ ఇంజనీర్ ఇర్వ్ కల్వర్ ఎంచుకున్న పరికరం గైరోస్కోప్.

గైరోస్కోప్ గుణం తెలియాలంటే సైకిల్ ముందు చక్రం ఊడదీసి, ఇరుసును రెండు చేతులతో పట్టుకుని, దాన్ని వేరొకరితో గట్టిగా తిప్పించి చూడండి. ఇరుసు కుడి కొసను పైకి లేపబోతే అది లేవదు, మొత్తం చక్రం పక్కకు మళ్లుతుంది. తిరిగే వస్తువు తాను తిరిగే తలాన్ని (ప్లేన్) వదలడానికి ఇష్టపడదు, ఒత్తిడి పెడితే లంబ దిశలో స్పందిస్తుంది. చెయెన్‌లో పైలట్ తిన్నగా రెక్కలను కదపడు, రోటర్ మీద తిరుగుతున్న గైరోను వంచుతాడు. గైరో రెక్కల కోణాలను మారుస్తుంది. గాలి తోసి హెలికాప్టర్‌ను వంచినా గైరో తన తలంలోనే ఉండి, రెక్కలను సర్ది యంత్రాన్ని మళ్లీ నిలబెడుతుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు, అంతా ఇనుము చేసే పని. ఈ ఆలోచన అందం నన్ను ఇప్పటికీ కట్టిపడేస్తుంది. ఇదే పద్ధతిలో లాక్‌హీడ్ అంతకుముందు చేసిన ఎక్స్‌హెచ్-51 చక్కగా ఎగిరింది కాబట్టి, చెయెన్ కూడా ఎగురుతుందని నమ్మడంలో తప్పులేదు.

1967 సెప్టెంబర్ 21న అది ఎగిరింది కూడా. అందులో గన్నర్ (తుపాకీ పేల్చే సైనికుడు) కూర్చున్న కుర్చీ గుండ్రంగా తిరిగేది, అతను ఎటు తిరిగితే పొట్ట కింది తుపాకీ అటు తిరిగేది. 1968 జనవరిలో సైన్యం 375 హెలికాప్టర్లకు ఆర్డరిచ్చింది. యంత్రం ఇంకా పూర్తిగా పరీక్ష పాసు కాకముందే ఇచ్చిన ఆర్డరది. అది తొందరపాటే అని నా అభిప్రాయం.

చిక్కు గైరోలోనే దాగి ఉంది. అది రెక్కలను కదిలిస్తుంది, రెక్కల మీది బలాలు తిరిగి దాన్నీ కదిలిస్తాయి. కొన్ని వేగాల దగ్గర రెక్కల్లో ఒక ఊపు పుట్టేది. రోటర్ రెండు చుట్లు తిరిగేలోపు ఒకసారి పైకీ కిందికీ. ఇంజనీర్లు దానికి హాఫ్-పీ హాప్ అని పేరుపెట్టారు. ఆ ఊపు గైరోకు చేరి, గైరో నుంచి మళ్లీ రెక్కలకు చేరితే క్షణాల్లో పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. 1969 మార్చి 12న, ఈ ఊపును కావాలనే రేపి చూసే పరీక్షలో మూడో ప్రోటోటైప్ కాలిఫోర్నియా తీరం దగ్గర కూలింది. రోటర్ వచ్చి కాక్‌పిట్‌ను కొట్టింది. పైలట్ చనిపోయాడు. ప్రమాదం ఎక్కడుందో తెలిసి, అందులోకే యంత్రాన్ని నడిపించడానికి ఒప్పుకున్న ఆ మనిషిని తలచుకోకుండా ఈ కథ చెప్పడం నాకు న్యాయమనిపించదు. మే 19న సైన్యం ఉత్పత్తి ఒప్పందాన్ని రద్దుచేసింది, పరిశోధన మాత్రం నడవనిచ్చింది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో పదో ప్రోటోటైప్‌ను నాసా ఏమ్స్ కేంద్రంలోని పెద్ద విండ్ టన్నెల్‌లోకి, అంటే గాలిని వేగంగా వదిలి పరీక్షించే సొరంగంలోకి, ఎక్కించారు. లోపల మనిషి లేడు, దూరం నుంచే నడిపారు. ఇక్కడ ఎవరూ ముందుగా ఊహించని సంగతొకటి బయటపడింది. ఆకాశంలో ఉన్నప్పుడు హెలికాప్టర్ బాడీ కూడా రోటర్‌తో కలిసి కొంచెం ఊగుతుంది, ఊపులో కొంత శక్తిని అది మింగేస్తుంది. టన్నెల్‌లో బాడీని కదలకుండా బిగించారు. ఊపు తగ్గే దారి మూసుకుపోయింది. పెరిగి పెరిగి రోటర్ తోకకు తగిలి హెలికాప్టర్ తునాతునకలైంది. పరీక్ష కోసం బిగించిన బిగింపే పరీక్షకు పెట్టినదాన్ని మార్చేసింది. ప్రయోగశాలలో పనిచేసే ఎవరికైనా ఈ ఒక్క సంఘటన చాలు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడానికి.

చివరికి మందు దొరికింది. గైరోను రోటర్ మీది నుంచి దించి గేర్‌బాక్స్ కిందికి మార్చి, రెక్కల మీది బలాలు దాన్ని తిన్నగా తాకకుండా చేశారు. హాఫ్-పీ హాప్ పోయింది. చెయెన్ గంటకు 390 కిలోమీటర్లను అందుకుంది. కానీ అప్పటికి లోకం మారిపోయింది. తాత్కాలికమని తెచ్చిన చవకైన కోబ్రా హెలికాప్టర్ వియత్నాంలో 1967 నుంచే పనిచేస్తోంది. చెయెన్ ఖర్చు పెరుగుతూ పోయింది. 1972లో భుజం మీద పెట్టి పేల్చే విమాన విధ్వంసక క్షిపణులు వియత్నాంలో కనిపించాయి. అలాంటి క్షిపణికి 300 అయినా 390 అయినా ఒకటే. బతకాలంటే చెట్ల ఎత్తులో, గుట్టల చాటున, నెమ్మదిగా నక్కుతూ పోవాలి. 1972 ఆగస్టు 9న చెయెన్‌ను పూర్తిగా ఆపేశారు.

ఆ వెంటనే సైన్యం కొత్త పోటీ పెట్టింది. ఈసారి వేగం మీద పట్టు లేదు. రెండు ఇంజన్లు కావాలి, తూటాలు తగిలినా ఎగరాలి, రాత్రి చూడగలగాలి. 1975 సెప్టెంబర్ 30న తొలిసారి ఎగిరిన వైఏహెచ్-64 ఆ పోటీ గెలిచి అపాచీ అయింది. దాని గరిష్ఠ వేగం గంటకు 300 లోపే. ఆదిబట్లలో తయారయ్యే బాడీ వెనక తోసే ప్రొపెల్లర్ లేదు, పైన రోటర్ రెక్కలకు మళ్లీ ఊగే వీలు ఇచ్చారు.

మరి కీళ్లు లేని రోటర్? దాన్ని జర్మన్లు నిలబెట్టారు. 1967 ఫిబ్రవరిలోనే ఎగిరిన వాళ్ల బీఓ-105 హెలికాప్టర్‌కు గైరో లేదు. వాళ్లు ఫైబర్‌గ్లాస్ రెక్కలు వాడారు. కీలు చేసే పని వంగే ఆ పదార్థమే చేసింది. లోహంతో సాధ్యం కానిది మెటీరియల్ మార్చితే సాధ్యమైంది. మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ తన ధ్రువ్ హెలికాప్టర్‌కు బీఓ-105 చేసిన జర్మన్ సంస్థ సలహా తీసుకుంది. ధ్రువ్ నుంచి పుట్టింది ప్రచండ్.

ప్రచండ్‌కు అడిగిన పరీక్ష వేగం కాదు, ఎత్తు. నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలకు చేరినప్పుడు గాలి సాంద్రత, 15 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే సుమారు 9 శాతం తగ్గుతుంది. రోటర్‌కూ ఇంజన్‌కూ ఆ మేరకు కష్టం. 5 కిలోమీటర్ల ఎత్తులో అది 40 శాతం తగ్గుతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో అంత ఎత్తులో పనిచేసే దాడి హెలికాప్టర్ మన దగ్గర లేకపోవడమే దీని పుట్టుకకు కారణం. 2010 మార్చి 29న మొదటిసారి ఎగిరింది. 2015లో సియాచిన్‌లో దిగింది. 2022 అక్టోబర్ 3న జోధ్‌పూర్‌లో వాయుసేనలో చేరింది. 2025 మార్చిలో మరో 156కు ఒప్పందం కుదిరింది, అందులో 90 సైన్యానికి, 66 వాయుసేనకు. వీటన్నిటి మీదా తిరిగేది నాలుగు రెక్కల, కీళ్లు లేని రోటరే.