ఎనిమిది పీసీలు, ఒక తుఫాను లెక్క

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ దగ్గరే తీరం దాటింది. దాటుతుందని రోజుల ముందే చెప్పారు కాబట్టే ఎన్నో ప్రాణాలు దక్కాయి. ఆ మాట చెప్పాలంటే బంగాళాఖాతం మీది గాలిని గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేగం, పీడనం, తేమ లెక్కగట్టి, కాలాన్ని కొంచెం ముందుకు జరిపి మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టాలి. ఒక్క కంప్యూటర్‌కి అప్పజెప్తే తుఫాను వెళ్లిపోయాక జవాబొస్తుంది. అందుకే గళ్లను చాలా ప్రాసెసర్లకు పంచుతారు.

ఒకప్పుడు దీనికి కోట్లు పోసి ప్రత్యేక యంత్రాలు కొనాల్సిందే. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ కలిసి 16 మామూలు 486 ప్రాసెసర్లను ఈథర్‌నెట్‌తో కలిపి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఆ గుంపుకి బేవుల్ఫ్ అని పేరుపెట్టారు. అంతా బజారులో దొరికే సరుకే! 2003లో వర్జీనియా టెక్ వాళ్లు 1,100 యాపిల్ జీ5 కంప్యూటర్లను కలిపి ప్రపంచంలోని అతి వేగమైన కంప్యూటర్ల జాబితాలో మూడో స్థానం కొట్టారు.

మా ల్యాబ్‌లో మూలపడ్డ పీసీలతో మేమూ అలాంటిదొకటి కట్టాం. ఇనప రేకులో వేడి ఎలా పాకుతుందన్నది లెక్క. రేకుని ముక్కలు చేసి, ఒక్కో పీసీకి ఒక్కో ముక్క ఇచ్చాం. నాలుగు పీసీలతో చకచకా తేలింది. ఎనిమిది పెడితే, నాలుగింటి కంటే ఆలస్యం! "సార్, ప్రాసెసర్లు ఖాళీగా కూర్చున్నాయండీ" అంది ఒకమ్మాయి, తెర చూసి.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఒక పీసీ ముక్క అంచున వేడి ఎంతో పక్క పీసీకి తెలియాలి, పక్కదాని అంచు దీనికి తెలియాలి, అదీ కాలాన్ని ముందుకు జరిపే ప్రతి అడుగుకీ. ముక్కలు చిన్నవయ్యేకొద్దీ పని తగ్గుతుంది, కబుర్లు తగ్గవు. ఒక కబురు చేరడానికి 50 మైక్రోసెకన్లు పట్టిందనుకోండి, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఆలోగా దాని లోపలి గడియారంలో 1,50,000 టిక్కులు గడిచిపోతాయి. మేము అంచులోని ఒక్కో అంకెనీ విడివిడిగా పంపుతున్నాం. అన్నీ ఒకే మూటగా కట్టి పంపాం. అది వచ్చేలోగా ముక్క మధ్య భాగం లెక్క చేయించాం.

అయినా ఒక పాత పీసీ మిగతా ఏడింటినీ ఆపేస్తోంది. జాలరిపేట దగ్గర పెద్ద వల లాగడం చూశారా? రెండు వైపుల తాళ్లూ సమంగా రావాలి, ఒక వైపు వెనకబడితే చేప జారిపోతుంది. ఆ పీసీకి చిన్న ముక్క ఇచ్చాం. ఈసారి ఎనిమిదీ ఇంచుమించు ఒకేసారి ముగించాయి.