ప్లాస్మాలో ప్రోబ్ పెట్టి కొలవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: 35,000 డిగ్రీల ప్లాస్మాలో తీగ పెడితే కరిగిపోతుంది.

ప్లాస్మా అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువు. అందులో పెట్టి కొలిచే లోహపు తీగే ప్రోబ్. ల్యాబ్‌కు కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది ఇదే. మా ఆర్గాన్ ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 3 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు (ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ప్రమాణం), అంటే సుమారు 35,000 కెల్విన్. లెక్క నిజమే. అయితే ఆ వేడంతా ఎలక్ట్రాన్లదే. వాయువు అంత వేడెక్కదు, పైగా అది చాలా పలచన, కాబట్టి తీగకు చేరే వేడి కొంచెమే. అర మిల్లీమీటరు టంగ్‌స్టన్ తీగ హాయిగా తట్టుకుంటుంది. టోకమాక్‌లో (ఫ్యూజన్ కోసం మహా వేడి ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం) మాత్రం అంచుల దాకానే ప్రోబ్, నడిమధ్యకు పంపలేం.

అపోహ: తీగకు మల్టీమీటర్ తగిలిస్తే ప్లాస్మా వోల్టేజీ తెలిసిపోతుంది.

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. ఎలక్ట్రాన్లు తేలిక, వేగం ఎక్కువ. తీగను ఊరికే వదిలేస్తే ముందు అవే వచ్చి చేరతాయి, తీగ నెగటివ్ అవుతుంది. ఆపైన వచ్చేవాటిని వెనక్కి నెడుతూ, ఎలక్ట్రాన్లూ అయాన్లూ సమానంగా చేరే దగ్గర నిలుస్తుంది. మీటర్ చూపేది ఆ ఫ్లోటింగ్ పొటెన్షియల్‌ని. ఆర్గాన్‌లో అసలు ప్లాస్మా పొటెన్షియల్, అంటే ప్లాస్మా సొంత వోల్టేజీ, దానికన్నా ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతకు దాదాపు 5 రెట్లు పైన ఉంటుంది. 3 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర తేడా 15 వోల్టులు! అందుకే 1920ల్లో ఈ పద్ధతికి బాట వేసిన శాస్త్రవేత్తలు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, మాట్‌స్మిత్ చేసినట్టు వోల్టేజీ మారుస్తూ కరెంటు గ్రాఫ్ గీస్తాం. ఎలక్ట్రాన్ కరెంటు లాగరిథమ్ వాలు ఉష్ణోగ్రత చెబుతుంది, గ్రాఫ్ మడత పడేచోటు ప్లాస్మా పొటెన్షియల్ చెబుతుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సాంద్రత (ఘనపు మీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లు) ఇక తిరుగులేనిది.

తీగకు చేరిన కరెంటు నుంచి సాంద్రత లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు తీగ గురించి తెలిసింది మనం టైపు చేసిన వైశాల్యం ఒక్కటే. ఒకసారి పవర్, ప్రెషర్ ఏమీ మార్చకపోయినా నా సాంద్రత రోజురోజుకీ పెరుగుతూ పోయింది. వారమంతా టెన్షన్. ప్రోబ్ బయటికి తీస్తే తీగను పట్టి ఉంచే తెల్లని సెరామిక్ గొట్టం కొస నల్లగా మెరుస్తోంది. ఛాంబర్‌లో ఎగిరిన లోహం పొరగా పట్టి తీగను తాకింది, గొట్టం కూడా కరెంటు పోగుచేస్తోంది. ఇప్పుడు గొట్టం అంచుకీ తీగకీ మధ్య చిన్న సందు వదులుతాను. కరెంటు పోనివ్వని మడ్డి తీగకే పడితే గుర్తు వేరు: వోల్టేజీ పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు గ్రాఫ్‌లు కలవవు. అప్పుడు ఎక్కువ ఎలక్ట్రాన్ కరెంటు లాగి తీగను ఎర్రగా కాల్చాలి. 13.56 మెగాహెర్ట్జ్ రేడియో పవర్‌తో ప్లాస్మా నడిపేవాళ్లు ఆ పౌనఃపున్యాన్ని అడ్డుకునే ఫిల్టర్ లేకుండా కొలవకండి, ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

అపోహ: ఇది పాతకాలం పద్ధతి.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3లో, విక్రమ్ ల్యాండర్ మీద ఉన్నదీ ఇలాంటి ప్రోబే, దీన్నే లాంగ్‌మ్యూర్ ప్రోబ్ అంటారు. చంద్రుడి నేల దగ్గర ఘనపు మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నాయని తొలి కొలతల్లో తేలింది. మా ఛాంబర్‌లో అదే ఘనపు మీటరుకు వంద కోటి కోట్లు. చంద్రుడి దగ్గర అంత పలచని చోట చేరే కరెంటు అతి స్వల్పం, సన్నని తీగ సరిపోదు. అందుకే అక్కడ 5 సెంటీమీటర్ల లోహపు గోళం పెట్టారు. ల్యాండర్ సొంత ప్రభావం తగలకుండా దాన్ని 1 మీటరు కడ్డీ చివర నిలబెట్టారు.