నీటి మీది ఒక్క పొర

గ్లాసు నీటిలో చెంచాడు ఉప్పు కలపండి. నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలానికి ఉండే బిగువు, మారేది ఒక శాతం మేరకే. ఆ మారే కాస్తా పెరుగుదలే. అదే నీటి మీదికి కంటికి కనిపించనంత జిడ్డు చేరితే చాలు, తలతన్యత చటుక్కున పడిపోతుంది. నీరు ఎంత శుద్ధమైనదో చెప్పడానికి అందులో మొత్తం ఎంత మలినం ఉందని లెక్కగడతాం. తలతన్యత విషయంలో ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ చూడవలసింది ఎంత కలిసిందని కాదు, కలిసింది ఎక్కడ చేరిందని.

నీటి లోపల ఉన్న అణువును చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపుల నుంచీ లాగుతుంటాయి. పైన ఉన్నదానికి ఆకాశం వైపు తోడు లేదు. అందుకే ఉపరితలం వీలైనంత కుంచించుకోవాలని చూస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర శుద్ధమైన నీటికి ఈ బిగువు మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు. ఆల్కహాల్‌కైతే సుమారు 22 మాత్రమే. నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలే ఈ తేడాకు ముఖ్య కారణం.

నూనెల్లో, కొవ్వుల్లో ఉండే కొవ్వు ఆమ్లాల అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నీటికి దూరం జరుగుతుంది. ఈ రెండింటికీ కుదిరే చోటు ఉపరితలమే కాబట్టి తల నీటిలో, తోక గాలిలో పెట్టుకుని పక్కపక్కనే నిలబడతాయి. ఒక్కో అణువు ఆక్రమించే చోటు చదరపు నానోమీటరులో అయిదో వంతు. దాన్ని బట్టి లెక్కిస్తే చదరపు మీటరు నీటిని కప్పడానికి రెండున్నర మిల్లీగ్రాముల లోపు పదార్థం సరిపోతుంది. పది సెంటీమీటర్ల వ్యాసమున్న పళ్లెంలో 200 మిల్లీలీటర్ల నీరు ఉందనుకుందాం. దాని పైభాగాన్ని పూర్తిగా కప్పడానికి మిల్లీగ్రాములో యాభయ్యో వంతు చాలు. అంటే కోటి పాళ్ల నీటికి ఒక పాలు! తాగే నీటి విషయంలో అంత తక్కువ జిడ్డును ఎవరూ పట్టించుకోరు. అయితే ప్రతి నూనే ఇలా పరుచుకోదు. శుద్ధి చేసిన ఖనిజ తైలం నీటి మీద బిళ్లలా ముద్దకట్టి ఉండిపోతుంది.

ఈ సంగతిని శ్రద్ధగా కొలిచి చూపిన వ్యక్తి ఏ ప్రయోగశాలలోనూ పనిచేయలేదు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఇంటి పనులు చూసుకుంటూ ఉండిన ఆగ్నెస్ పోకెల్స్‌కు విశ్వవిద్యాలయ చదువు లేదు. అప్పట్లో అక్కడ మహిళలకు ప్రవేశమే లేదు. రేకు తొట్టెలో అంచుల దాకా నీరు నింపి, అడ్డంగా ఒక రేకు పట్టీ వేసి, దాన్ని జరుపుతూ ఉపరితలాన్ని పెంచడం, తగ్గించడం ఆమె పద్ధతి. పట్టీతో ఊడ్చి పైనున్న మలినాన్ని పక్కకు నెట్టేయవచ్చు కూడా. చిన్న బిళ్లను నీటి నుంచి పైకి లాగడానికి ఎంత బలం కావాలో త్రాసుతో చూసేవారు. మలినమున్న ఉపరితలాన్ని కుదిస్తూ పోతే కొంత దూరం వరకు తలతన్యత కదలదు, ఒక హద్దు దాటగానే పడిపోతుంది. అణువులు ఒకదానికొకటి తగిలేంత దగ్గరైన చోటే ఆ హద్దు. 1891 జనవరిలో ఆమె బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రాలీకి ఉత్తరం రాశారు. ఆయన చొరవతో అదే ఏడాది మార్చిలో అది ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. ఇప్పటికీ ఈ రంగంలో వాడే తొట్టెలకు మూలం ఆ రేకు తొట్టే. విజ్ఞాన చరిత్రలో ఆమె పేరు ఇంతకన్నా గట్టిగా వినిపించి ఉండాల్సింది.

ఉప్పు కథ దీనికి పూర్తిగా వేరు. దాని అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, నీటి అణువుల మధ్యే ఉండడానికి ఇష్టపడి పైపొరకు దూరంగా ఉంటాయి. కాబట్టి బిగువు కాస్త హెచ్చుతుంది.

వేడి ప్రభావం అందరూ అనుకున్నంత పెద్దది కాదు. 0 డిగ్రీల దగ్గర మీటరుకు 75.6 మిల్లీన్యూటన్లు ఉన్న తలతన్యత 100 డిగ్రీలకు 58.9 అవుతుంది. 374 డిగ్రీల దగ్గర ద్రవానికీ ఆవిరికీ తేడా పోయి సున్నా అవుతుంది. వేడినీటిలో బట్టలు బాగా శుభ్రపడడానికి తలతన్యత తగ్గడమే కారణమని తరచూ రాస్తుంటారు. 20 నుంచి 60 డిగ్రీలకు పోయినా తగ్గేది తొమ్మిది శాతమే. కొవ్వు కరగడం, సబ్బు చురుగ్గా పనిచేయడం అంతకన్నా పెద్ద కారణాలు. డిటర్జెంట్ అయితే తలతన్యతను దాదాపు సగానికి దించుతుంది. పైపొర నిండిపోయాక మిగిలిన అణువులు నీటి లోపల గుంపులు కడతాయి. ఆపైన ఎంత పొడి వేసినా తలతన్యత మరి తగ్గదు.

ఈ మలినాలు ఎంత మోసం చేయగలవో బుడగలు చెబుతాయి. చిన్న గాలి బుడగ నీటిలో అదే పరిమాణంలోని గట్టి గోళం కన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా లేవాలని 1911లోనే గణితం తేల్చింది. మామూలు నీటిలో అది గట్టి గోళంలాగే నెమ్మదిగా లేస్తుంది. పైకి పోతున్న బుడగ చర్మం మీది మలినం వెనక్కి కొట్టుకుపోయి అడుగున పోగుపడుతుంది. అక్కడ తలతన్యత తక్కువ, పైన ఎక్కువ. ఆ తేడా బుడగ ఉపరితలం కదలకుండా బిగించేస్తుంది.

మన ఊపిరితిత్తులు మాత్రం ఈ కల్మషాన్ని తామే తయారుచేసుకుంటాయి. గాలి గదుల లోపలి తడి మీద కొవ్వు, ప్రోటీన్లు కలిసిన పొర ఒకటి ఉంటుంది. ఊపిరి వదిలినప్పుడు గది కుంచించుకుంటుంది, పొర నొక్కుకుంటుంది, పోకెల్స్ తొట్టెలో లాగే తలతన్యత పడిపోయి గది మూసుకుపోకుండా ఆగుతుంది. నెలలు నిండక పుట్టిన శిశువుల్లో ఈ పొర చాలదని 1959లో అమెరికా వైద్య పరిశోధకులు మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపారు. అలాంటి శిశువులకు ఇప్పుడు ఆ పదార్థాన్నే శ్వాసనాళంలోకి పంపుతున్నారు.