సొలోన్‌లో గ్రావెల్ రైడింగ్: అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్‌లో ల్వార్ నదికి దక్షిణాన, షేర్ నదికి ఉత్తరాన దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ప్రాంతం సొలోన్. కొండ అన్నదే కనిపించదు. ఓక్, పైన్, బర్చ్ అడవులు, వాటి మధ్య దాదాపు 3,000 చెరువులు, చెట్ల చాటున కోటలు. మట్టి, కంకర దారుల్లోనూ పోయేలా వెడల్పు టైర్లు వేసిన రోడ్డు సైకిలే గ్రావెల్ బైక్. దాన్ని తొక్కడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. కొత్తవాళ్ళను ఈ దారుల్లో తిప్పడం నా పని. వచ్చేవాళ్ళలో చాలామంది ఈ నేల గురించి కొన్ని నమ్మకాలు గట్టిగా పెట్టుకొని వస్తారు. వాటిలో కొన్ని ఒళ్ళు హూనం చేస్తాయి, కొన్ని జరిమానా దాకా తీసుకెళ్తాయి.

అపోహ: చదును నేల కదా, ఎవరైనా తొక్కేయొచ్చు.

ఎత్తు ఎక్కితే ఆ తర్వాత దిగుడు వస్తుంది. దిగుడులో కాళ్ళు ఆగుతాయి, సీటు మీంచి లేస్తాం, చేతులు సర్దుకుంటాం, నాలుగు గుక్కల నీళ్ళు తాగుతాం. చదునులో ఆ వెసులుబాటు ఉండదు. గంటల తరబడి పెడల్ తిరుగుతూనే ఉంటుంది, ఒకే భంగిమలో కూర్చొనే ఉంటాం. అందుకే కొండ దారుల్లో దిట్టంగా తొక్కేవాళ్ళు కూడా ఇక్కడ మధ్యాహ్నానికి నడుము పట్టేసి, అరచేతులు తిమ్మిరెక్కి ఆగిపోతుంటారు. పది పదిహేను నిమిషాలకోసారి కావాలనే సీటు మీంచి లేవాలి, హ్యాండిల్ మీద చేతుల చోటు మార్చాలి. నొప్పి మొదలయ్యాక కాదు, మొదటి గంట నుంచే.

రెండోది గాలి. గాలి లేని రోజున కూడా వేగం రెట్టింపు చేయాలంటే, గాలిని చీల్చుకుపోవడానికే ఎనిమిది రెట్లు పవర్ కావాలి. ఎదురుగాలి తోడైతే చదును నేల కాస్తా ఎత్తు దారి అవుతుంది, దానికి దిగుడు మాత్రం ఉండదు. ఇక్కడ ఎక్కువగా పడమటి గాలి వీస్తుంది, పొద్దున పూట నెమ్మదిగా ఉంటుంది. అందుకని పొద్దున్నే పడమరకు పోయి, మధ్యాహ్నం గాలిని వీపున పెట్టుకొని వచ్చేలా రూట్ వేస్తాను. అడవిలో గాలి తగలదు, చెరువు కట్ట మీదికి రాగానే నేరుగా కొడుతుంది.

అపోహ: ఇది ఆదిమ అరణ్యం, ఇవి సహజ సరస్సులు.

ఈ ఒక్క విషయం సరిగ్గా అర్థమైతే మిగతా దారి అంతా అర్థమవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సొలోన్ నేల ఇసుక, బంకమట్టి కలిసిన పేద నేల. పంట సరిగ్గా పండదు, అడుగున బంకమట్టి ఉండటంతో వాన నీరు ఇంకదు. మధ్యయుగంలో మఠాల సన్యాసులు, భూస్వాములు ఆ నీటికి అడ్డంగా కట్టలు పోసి, తూములు పెట్టి చేపల చెరువులు చేశారు. తర్వాతి కాలంలో వాటిని పట్టించుకోక చాలా భాగం చిత్తడిగా మారింది, మలేరియా జ్వరాలతో జనం అల్లాడారు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఇక్కడి లామోత్-బెవ్రోన్ ఊళ్ళో ఎస్టేట్ కొని ఈ ప్రాంతం బాగుకు పూనుకున్నాడు. కాల్వలు తవ్వి నీరు తోడారు, రోడ్లు వేశారు, పైన్ చెట్లు విస్తారంగా నాటారు. పొలాలకు సున్నపు మట్టి తోలడానికి 1848 - 1869 మధ్య సోల్ద్ర్ కాలువ తవ్వారు. నాటిన పైన్ చెట్లలో సముద్రతీర రకం 1879-80 శీతాకాలపు మంచుకు చాలావరకు చచ్చిపోయింది. ఆ తర్వాత చలికి ఓర్చే స్కాట్స్ పైన్ వచ్చింది. ఈ రోజు మనం చూసే అడవి చాలావరకు ఆ మనుషుల చేతి పనే.

సైకిల్ తొక్కేవాడికి ఈ చరిత్ర ఎందుకంటే, మన టైరు కింద ఉన్నది అదే. పైన్ తోపు కనిపించిందంటే కింద ఇసుక. దారి పక్కన ఊదారంగు హీథర్ పొదలు, ఫెర్న్ మొక్కలు కూడా ఉంటే ఇసుక వదులుగా ఉంటుందని ముందే సిద్ధపడొచ్చు. గుబురు గుబురుగా, కుదుళ్ళు కట్టి పెరిగిన పొడవాటి గడ్డి కనిపిస్తే అక్కడ నీరు నిలుస్తుంది, కింద బంకమట్టి. అన్నిటికంటే గట్టి నేల చెరువు కట్ట, వందల ఏళ్ళుగా బండ్లు తొక్కి గట్టిపడింది. కట్ట దిగిన చోటు మాత్రం ఎప్పుడూ తడే. ఆకురాలు కాలంలో, చలికాలంలో చేపలు పట్టడానికి తూము ఎత్తి చెరువులు ఖాళీ చేస్తారు, అప్పుడు ఆ పల్లపు దారులు మరీ అధ్వానం.

ఇసుక దాటడం నేర్చుకుంటే వస్తుంది. ఇసుకలోకి దిగాక గేరు మార్చబోతే ఆలస్యమైనట్టే. పది మీటర్ల ముందే తేలిక గేరులోకి రావాలి. బరువు కొంచెం వెనక్కి, మోచేతులు వదులుగా, చూపు ముందు చక్రం మీద కాకుండా ఇసుక ముగిసే చోట. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వాలి. హ్యాండిల్‌ను బిగించి సరిచేయబోయినా, బ్రేక్ వేసినా పడతాం. పెడల్ మాత్రం ఆపకూడదు. దారి మధ్యలో గడ్డి పట్టె ఉంటే దాని మీదే పోవాలి, గడ్డి వేళ్ళు ఇసుకను పట్టి ఉంచుతాయి.

బంకమట్టి సంగతి వేరు. అది టైరుకు అంటుకొని ఫ్రేముకూ చక్రానికీ మధ్య సందులో పేరుకుంటుంది, చూస్తుండగానే చక్రం తిరగడం మానేస్తుంది. బలంగా తొక్కితే గేర్ల హ్యాంగర్, అంటే వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, విరుగుతుంది. దిగి, పుల్లతో గీకి, సైకిల్ ఎత్తుకొని దాటడమే దారి. పెద్ద వాన పడిన మర్నాడు నేను బంక దారులు వదిలేసి కాలువ గట్టు పట్టుకుంటాను.

అపోహ: టైరులో గాలి ఎంత ఉంటే అంత వేగం.

తారు రోడ్డు మీద కూడా ఇది సగమే నిజం. కంకర మీద గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది, ఆ ఎగరడంలోనే శక్తి పోతుంది. 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరుకు, 70 కిలోల మనిషికి 2 బార్ (దాదాపు 29 పీఎస్ఐ) గాలి దగ్గర మొదలుపెట్టి, ఇసుక ఎక్కువైతే ఇంకొంచెం తగ్గించుకోవచ్చు.

అపోహ: మ్యాప్‌లో దారి ఉంది కాబట్టి పోవచ్చు.

సొలోన్‌లో టెన్షన్ పెట్టే విషయం ఇదొక్కటే. ఇక్కడి అడవిలో అత్యధిక భాగం ప్రైవేటు ఎస్టేట్లే, ఎక్కువగా వేట కోసం పెంచుకున్నవి. రూట్ వేసే యాప్‌లకు దారి కనిపిస్తుంది గానీ అది ఎవరిదో చాలాసార్లు తెలియదు. నున్నటి ఇసుక దారిలో ఐదు కిలోమీటర్లు పోయాక తాళం వేసిన గేటు ఎదురవుతుంది.

2023 ఫిబ్రవరి 2 నాటి చట్టం ఇక్కడ చాలా మార్చింది. అడవుల చుట్టూ ఎత్తైన కంచెలు వేసి జింకలనూ అడవి పందులనూ లోపల బంధించే పద్ధతికి అది అడ్డుకట్ట వేసింది. కంచె ఎత్తు 1.20 మీటర్లు మించకూడదు, నేలకు 30 సెంటీమీటర్లు పైన ఉండాలి. గత 30 ఏళ్ళలో వేసిన పాత కంచెలను 2027 జనవరి 1 లోపు ఈ కొలతలకు తేవాలి. జంతువులు మళ్ళీ స్వేచ్ఛగా తిరగడానికి ఇది చాలా అవసరమైన చట్టమని నా అభిప్రాయం. కానీ చాలామంది గమనించని రెండో సగం అందులోనే ఉంది. ప్రైవేటు స్థలమని బోర్డుతోనో గుర్తుతోనో తెలిపిన అడవిలోకి అనుమతి లేకుండా వెళ్తే, అది కూడా ఇప్పుడు నేరమే. మామూలుగా 135 యూరోల జరిమానా. కంచె పొట్టిదైంది కదా అని దాటితే కుదరదు.

కాబట్టి "ప్రొప్రియెతే ప్రివే" (ప్రైవేటు ఆస్తి) అన్న బోర్డు ఉంటే వెనక్కి తిరగండి. "షెమాఁ రురాల్" అని ఉంటే అది ఊరి పంచాయతీ దారి, నిశ్చింతగా పోవచ్చు. సైకిల్ రూట్ల బోర్డులు ఉన్నచోట ఏ బెంగా లేదు. అనుమానం వస్తే ఊళ్ళో మునిసిపల్ ఆఫీసులో అడగండి, విసుక్కోకుండా చెబుతారు.

అపోహ: షాంబోర్ పార్కు మొత్తం తిరగొచ్చు.

షాంబోర్ కోట చుట్టూ 5,440 హెక్టార్ల అడవి ఉంది, దానికి 32 కిలోమీటర్ల గోడ. ఇంచుమించు పారిస్ నగరమంత. అందులో జనానికి తెరిచింది 1,000 హెక్టార్లు మాత్రమే, మిగతాది వన్యప్రాణులకు వదిలేసిన చోటు. తెరిచిన భాగమే చాలా బాగుంటుంది. పొద్దున్నే, బస్సులు రాకముందు, కోటకు ఎదురుగా ఉన్న తిన్నటి దారిలో తొక్కుతూ వస్తే 1519లో రాజు ఫ్రాంస్వా 1 మొదలుపెట్టించిన ఆ శిఖరాల గుంపు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. పక్కనే కోసోన్ నది. 2016 జూన్ వరదల్లో నీళ్ళు కోట చుట్టూ చేరాయి, ఇక్కడి నేల ఎంత చదునో దాన్ని బట్టే ఊహించుకోవచ్చు.

ఒక్క రోజులో ఐదు కోటలు చూస్తామనేవాళ్ళకు నేను రెండు చాలంటాను. షాంబోర్ తెల్లరాతిది, ఆ రాయి బయటి నుంచి తెచ్చింది. రెండోదిగా లాసే ఊరి దగ్గరి మూలాన్ కోట చూడండి. నీటి కందకం మధ్య ఎర్ర ఇటుకతో కట్టింది. రాయి దొరకని సొలోన్‌లో ఇల్లయినా కోటయినా ఇటుకే, ఆ ఇటుక మన చక్రాలకు అంటుకున్న బంకమట్టే.

అపోహ: ఆకురాలు కాలమే అన్నిటికంటే మంచి సీజన్.

అందమైనది, ఒప్పుకుంటాను. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మగ జింకల గర్జనలు సాయంత్రాల్లో అడవంతా వినిపిస్తాయి. కానీ సెప్టెంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట సీజన్. "షాస్ ఆఁ కూర్" అని బోర్డు ఉంటే లోపల వేట నడుస్తోందని అర్థం, ఆ దారి వదిలేయాలి. నారింజ రంగు జాకెట్ వేసుకోండి, మలుపుల్లో బెల్ కొట్టండి. నా ఓటు మాత్రం మే, జూన్ నెలలకు. ఒక్క జాగ్రత్త, అప్పుడు గడ్డిలో పిడుదులు ఎక్కువ. అవి లైమ్ వ్యాధి తెస్తాయి. స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, గజ్జల్లో, నడుము దగ్గర వెతకండి. కనిపిస్తే నూనె, నిప్పు లాంటివి వద్దు, పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా లాగేయండి.

అపోహ: యూరప్ కదా, నీళ్ళూ తిండీ ఎక్కడైనా దొరుకుతాయి.

ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చిన్న ఊళ్ళలో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. రెండు పెద్ద సీసాలు తప్పనిసరి. ఇక్కడి సైక్లిస్టులందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. ప్రతి ఊళ్ళో శ్మశానంలో పూలకు నీళ్ళు పోసుకోవడానికి కుళాయి ఉంటుంది. "నాన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే తాగకూడదు. లేకపోతే నింపుకోవచ్చు, లోపల నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి రండి. రూట్ లామోత్-బెవ్రోన్ మీదుగా వేసుకుంటే అక్కడ తార్త్ తతాఁ దొరుకుతుంది. ఆ తలకిందుల యాపిల్ వంటకానికి పుట్టిల్లు ఆ ఊరే.

అపోహ: దీనికి ఖరీదైన కార్బన్ గ్రావెల్ బైకే కావాలి.

40 మిల్లీమీటర్లకు పైగా టైర్లు పట్టే ఏ సైకిలైనా చాలు, పాత మౌంటెన్ బైక్ అయినా సరే. కొండలు లేవని తేలిక గేర్లు తీసేయించుకోకండి, ఇసుకలో అవే కావాలి. ఆ డబ్బు సీటు మీదా టైర్ల మీదా పెట్టండి. సాయంత్రం పది నిమిషాలు సైకిల్‌కు కేటాయించండి. ఇసుక చైన్‌ను, బ్రేక్ ప్యాడ్లను అరగదీస్తుంది. సీసాలో మిగిలిన నీళ్ళతో మెల్లగా కడగండి. ప్రెషర్ గన్ వాడితే ఇసుక బేరింగుల్లోకి పోతుంది. గుడ్డతో చైన్ తుడిచి, ఆరాక దుమ్ము అంతగా అంటని చైన్ నూనె, అంటే డ్రై ల్యూబ్, పల్చగా వేసి, పైన మిగిలినది మళ్ళీ తుడిచేయండి.