పుణె మాజీ మిడ్‌ఫీల్డర్ ఆరాటా ఇజుమి పేరు మళ్లీ ఎందుకు వస్తోందంటే

2025లో ఫుట్‌బాలర్ ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ వదులుకుని ఇండియన్ అయ్యాక ఓసీఐ ప్లేయర్ల (విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న భారత సంతతి ఆటగాళ్ల) గొడవ మళ్లీ రాజుకుంది, ఎవరు మాట్లాడినా మధ్యలో, అతనికన్నా ముందే ఇలాగే జపాన్ పాస్‌పోర్ట్ వదులుకున్న ఇజుమి పేరొకసారి ఎత్తి వదిలేస్తున్నారు.

ఈస్ట్ బెంగాల్, మహీంద్రా యునైటెడ్ క్లబ్బులకి ఇజుమి ఆడిన రోజులు ఫుట్‌బాల్ చూసేవాళ్లకి తెలిసినవే కాబట్టి అక్కడ ఆగట్లేదు. నా లెక్కలో అసలు మలుపు 2008 డిసెంబర్. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని స్పోర్ట్స్ మినిస్ట్రీ అప్పుడే తేల్చేసింది, మనకి డ్యుయల్ సిటిజన్‌షిప్ లేదు కాబట్టి ఆడాలంటే పుట్టిన దేశం పాస్‌పోర్ట్ తిరిగి ఇచ్చెయ్యాల్సిందే. అప్పటికి ఇజుమి ఇక్కడికొచ్చి రెండేళ్లు. నాన్న గుజరాతీ, అమ్మ జపనీస్, పుట్టింది షిమొనొసెకిలో. పుణె ఎఫ్‌సీకి ఆడుతూనే చివరికి జపాన్ పాస్‌పోర్ట్ వదిలేశాడు, పాస్‌పోర్ట్‌లో పేరు నీలకంఠ్ ఖంభోల్జా అయింది, 2013 ఫిబ్రవరిలో కొచ్చిలో పాలస్తీనా మీద మొదటి మ్యాచ్ ఆడేసరికి వయసు 30. ఆ తర్వాత దేశానికి ఆడింది చాలా కొద్ది మ్యాచ్‌లే. మిడ్‌ఫీల్డర్‌కి మంచి ఏళ్లన్నీ అప్పటికే వెనకబడిపోయాయి మరి.

రూల్‌ని సమర్థించేవాళ్లు ఒకటే అంటారు, బయటివాళ్లొస్తే మన కుర్రాళ్ల చోటు పోతుందని. 2010లో ఢిల్లీ హైకోర్టు కూడా రూల్‌ని తప్పుపట్టలేదు. సరే, కానీ ఇజుమి ఎవరి చోటు తీసుకున్నాడు? ఏటీకే, కేరళ బ్లాస్టర్స్ లాంటి క్లబ్బులకి ఆడేసి జపాన్ ఫ్లైటెక్కలేదు, నవీ ముంబైలో రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ చాంప్స్ అకాడమీలో కోచ్‌గా చేరి మన పిల్లలకే ఆట నేర్పాడు, బంతి రాకముందే తల తిప్పి చుట్టూ చూసుకోవడం లాంటివి పదేళ్ల వయసులో వంటబడితేనే నిలుస్తాయి, అవి నేర్పేవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారు చెప్పండి. ఆడిన మ్యాచ్‌లు లెక్కేసి 'ఏం ఒరిగింది' అనేవాళ్లు ఈ కోచింగ్ ఏళ్లని అసలు లెక్కలోకే తీసుకోరు, నాకు బాధ అక్కడే.

నేషనల్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇగోర్ స్టిమాచ్ ఓసీఐ వాళ్లని ఆడనివ్వమని పదే పదే అడిగాడు, రూల్ కదల్లేదు. విలియమ్స్ కూడా 2023లోనే బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు, పాస్‌పోర్ట్ మారేసరికి అతనికీ 32 నిండాయి.