ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల అల్లరి: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లల వైద్యురాలిగా నేను రోజూ చూసే తల్లిదండ్రులలో జ్వరమో దగ్గో ఉన్న బిడ్డను తీసుకువచ్చేవారితో పాటు, ఏ జబ్బూ లేకపోయినా అన్నం తినటం లేదనో, చెప్పిన మాట వినటం లేదనో, ఇల్లు పీకి పందిరేస్తున్నాడనో వచ్చేవారు కూడా చాలామంది ఉంటారు. రెండేళ్ల బిడ్డ ఉన్న ఇంట్లో టీవీ రిమోట్ బియ్యం డబ్బాలో దొరకడం, నాన్న చెప్పుల్లో ఒకటి నీళ్ల బకెట్‌లో తేలడం, అవ్వ కళ్లజోడు పూజగదిలో దేవుడి పటం వెనుక కనబడడం మామూలే. నా ఆందోళనంతా వేరే విషయం గురించి. నవ్వుకొని వదిలేయవలసిన వాటికి మందు రాయమని అడుగుతున్న కుటుంబాలే, నిజంగా వైద్యం అవసరమైన వాటిని, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చేవాటిని కూడా పసివాళ్ల ముచ్చటగా భావించి నవ్వుకొని ఊరుకుంటున్నాయి.

అపోహ: ఏడాది నిండేదాకా బాగా తిన్నాడు, ఇప్పుడు ఏమీ తినటం లేదు కనుక ఆకలి పుట్టే టానిక్ కావాలి.

వాస్తవం: పుట్టినప్పుడు సుమారు 3 కిలోలున్న బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి దాదాపు మూడింతలై 9 కిలోలకు చేరుతుంది. అదే వేగం కొనసాగితే రెండో పుట్టినరోజు నాటికి 27 కిలోలు ఉండాలి. అలా ఏ బిడ్డా పెరగదు. రెండో ఏడాదిలో పెరిగే బరువు 2 నుంచి 2.5 కిలోలు మాత్రమే. పెరుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలి తగ్గడం శరీరం తనకు తాను చేసుకునే సర్దుబాటు. పైగా అప్పుడే నడక వచ్చిన బిడ్డకు గిన్నెలోని సంగటి కంటే గేటు బయట ఉన్న మేకపిల్ల మీద ఆసక్తి ఎక్కువ. తల్లి గిన్నె పట్టుకొని వీధంతా తిరుగుతూ, అవ్వకు ఒక ముద్ద, తాతకు ఒక ముద్ద, కాకికి ఒక ముద్ద అంటూ బతిమాలుతుంటే, బిడ్డ ఆ ముద్దను బుగ్గన పెట్టుకొని అరగంట సేపు అలాగే కూర్చోవడం నేను ఆసుపత్రి వరండాలో కూడా చూస్తుంటాను. ఆ బుగ్గన ముద్ద ఆకలి లేదని చెబుతున్నది, అంతే.

ఇలాంటి పిల్లల విషయంలో నేను మొదట అడిగే ప్రశ్న అన్నం గురించి కాదు, పాల గురించి. అన్నం తినలేదని జాలిపడి గంటకోసారి పాల సీసా నోటికి అందిస్తే కడుపులో అన్నానికి చోటు మిగలదు. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరు పాలు చాలు. అంతకు మించి తాగే పిల్లలలో ఇనుము లోపించి రక్తహీనత వస్తుంది, రక్తహీనత వస్తే ఆకలి ఇంకా తగ్గుతుంది. ఆకలి పెంచే మందులు కొన్ని ఉన్నా, వాటి వల్ల పిల్లలు మత్తుగా ఉంటారు, మందు ఆపగానే ఆకలి మళ్లీ మునుపటి స్థితికే వస్తుంది. అందుకే బిడ్డ ఎన్ని ముద్దలు తిన్నదో లెక్కపెట్టవద్దని, బరువు, ఎత్తు నమోదు చేసే చార్టులో గీత పైకి వెళ్తున్నదా లేదా చూడమని చెబుతాను. ఆ గీత సక్రమంగా ఉంటే బిడ్డకు కావలసింది అందుతున్నట్టే. గీత నిలిచిపోయినా, కిందికి వంగినా ఆ బిడ్డను తప్పకుండా పరీక్షించాలి.

సెల్‌ఫోన్ చూపించి తినిపించడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లు నిండని పిల్లలకు కూర్చోబెట్టి తెర చూపించడం తగదు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద ఒక గంటకు మించకూడదు. ఫోన్ చూస్తూ తిన్న బిడ్డకు ఏమి తిన్నదో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. పూటకు పదిహేను ఇరవై నిమిషాలు అందరితో పాటు కూర్చోబెట్టి, కొద్దిగా వడ్డించి, తన చేత్తో తననే తిననిచ్చి, చాలన్నప్పుడు కంచం తీసేయడం మంచిది. నేలంతా మెతుకులవుతుంది. అవనివ్వండి.

అపోహ: లడ్డూ పెడితే ఇక ఆ రోజు పట్టపగ్గాలుండవు, తీపి వల్లనే పిల్లలు గంతులు వేస్తారు.

వాస్తవం: కొండకు వెళ్లి వచ్చిన బంధువుల పుణ్యమా అని మన ఊళ్లో లడ్డూ లేని ఇల్లు ఉండదు కాబట్టి ఈ మాట తరచుగా వింటాను. చక్కెర తిన్నదీ తిననిదీ పిల్లలకు గాని, గమనించేవారికి గాని తెలియకుండా జరిపిన పరీక్షలను ఒకచోట చేర్చి విశ్లేషించిన వ్యాసం 1995లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. పిల్లల ప్రవర్తనను చక్కెర మార్చినట్టు అందులో తేలలేదు. లడ్డూ తిన్న రోజు ఇంటి నిండా చుట్టాలు ఉంటారు, మధ్యాహ్నం నిద్ర ఉండదు, పదిమంది ఎత్తుకొని ముద్దు చేస్తారు. ఆ హడావుడికి ఏ బిడ్డయినా గంతులు వేస్తుంది. తీపి వల్ల నష్టం పళ్లకు. రాత్రి పడుకునే ముందు పళ్లు తోమకపోతే పాలపళ్లు పుచ్చిపోతాయి. లడ్డూలోని జీడిపప్పు, కలకండ పలుకుల గురించి మాత్రం వేరే జాగ్రత్త ఒకటి ఉంది, చివర చెబుతాను.

అపోహ: నలుగురిలో నేల మీద పడి దొర్లి ఏడ్చే బిడ్డకు పెంపకం సరిగా లేదు.

వాస్తవం: దర్శనం క్యూలో రెండేళ్ల బిడ్డ నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటుంటే, చుట్టూ ఉన్నవారి చూపులకు తలవంచుకున్న తల్లి మీద నాకు ఎంతో సానుభూతి కలుగుతుంది. కోరికను ఆపుకొని, కోపాన్ని అదుపు చేసుకొనే పని మెదడు ముందు భాగానిది, ఆ భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. ఏడాదిన్నర బిడ్డకు కావలసినవి కొండంత, చెప్పుకోవడానికి ఉన్న మాటలు గుప్పెడు. దానికి తోడు తెల్లవారుజామున లేపి, వేళకు పాలు లేక, గంటల తరబడి జనం మధ్య నిలబడితే పెద్దవారికే సహనం నశిస్తుంది. అప్పుడు కొట్టడం వల్ల గాని, ఉపన్యాసం ఇవ్వడం వల్ల గాని ప్రయోజనం లేదు. అడిగిన బొమ్మ కొనివ్వడం వల్ల ఏడుపు ఆగుతుంది కాని, దొర్లితే బొమ్మ వస్తుందనే పాఠం మిగులుతుంది. దెబ్బ తగలకుండా పక్కన కూర్చొని, తక్కువ మాటలతో, తుఫాను తగ్గేదాకా ఉండటమే చేయవలసింది.

కొందరు పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి, నీలంగా మారి, కొన్ని క్షణాలు స్పృహ తప్పినట్టు వాలిపోతారు. ఇంటిల్లిపాదీ భయపడిపోయే ఈ స్థితి సాధారణంగా ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలలో కనిపిస్తుంది, దానంతట అదే తగ్గిపోతుంది. అయితే మొదటిసారి వచ్చినప్పుడు వైద్యునికి తప్పక చూపించాలి. మూర్ఛ, గుండె లయ లోపం వంటివి కావని నిర్ధారించుకోవడం అవసరం. రక్తంలో ఇనుము తక్కువ ఉన్న పిల్లలలో ఇది ఎక్కువగా వస్తుంది, ఇనుము మందుతో చాలామందిలో తగ్గుతుంది.

అపోహ: గుండు ఎన్నిసార్లు కొట్టిస్తే జుట్టు అంత ఒత్తుగా వస్తుంది.

వాస్తవం: కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, దానిని నేను ఎంతో గౌరవిస్తాను. జుట్టు ఎంత ఒత్తుగా రావాలన్నది చర్మం లోపలి కుదుళ్లను బట్టి ఉంటుంది, అక్కడికి కత్తి చేరదు. గుండు తరువాత ఎండలో తలకు టోపీ పెట్టండి.

అపోహ: ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయి, వస కొమ్ము అరగదీసి నాకిస్తే వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: నగరి, సత్యవేడు వైపు తెలుగు, తమిళం కలిసిన ఇళ్లు ఎన్నో, కుప్పం వైపు వీటికి కన్నడం కూడా తోడవుతుంది. అవ్వతో తమిళం, నాన్నతో తెలుగు మాట్లాడే రెండేళ్ల బిడ్డ "నాన్నా, తణ్ణి ఇవ్వు" అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు, తరువాత ఎవరో ఒకరు ఒక భాష మానేయమని సలహా ఇస్తారు. ఆ మాటలో గందరగోళం లేదు. తనకు తెలిసిన మాటలన్నిటినీ వాడుకొని నీళ్లు సంపాదించుకున్న తెలివి ఉంది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల మాటలు ఆలస్యమవుతాయనడానికి ఆధారం లేదు. మాటలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం రెండు భాషలలోని మాటలనూ కలిపి లెక్కపెట్టాలి. ఒక భాష మానేస్తే నష్టపోయేది అవ్వతో ఆ బిడ్డకున్న అనుబంధం.

ఈ అపోహ వల్ల జరిగే అసలు హాని ఏమిటంటే, నిజంగా మాటలు రాని బిడ్డను కూడా "రెండు భాషలు కదా", "మేనమామకు కూడా నాలుగేళ్లకే వచ్చాయి" అంటూ ఇంట్లో ఉంచేస్తారు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా, వెంటనే చూపించాలి. మొట్టమొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. చప్పట్లు కొడితే తిరుగుతున్నాడు కనుక చెవులు బాగున్నాయని అనుకోకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డీఈఐసీ అని పిలిచే జిల్లా సత్వర చికిత్స కేంద్రాలలో ఇలాంటి పిల్లలకు ఉచితంగా పరీక్షలు, శిక్షణ ఇస్తారు. వస విషయానికి వస్తే, అందులో ఉండే అసరోన్ అనే పదార్థం హానికరమని జంతువులపై జరిపిన పరీక్షలలో తేలడంతో అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకుండా నిషేధించారు. అరగదీసే రాయి ద్వారా పసివాళ్లకు విరేచనాలు అంటుకోవడం అదనం. ఆముదం, నూనెలు ముక్కులో వేయడం, బలవంతంగా నోట్లో పోయడం ఇంకా ప్రమాదకరం, ఊపిరితిత్తులలోకి జారిన నూనె ఒక రకం న్యుమోనియాకు దారి తీస్తుంది.

అపోహ: మన్ను తినని బిడ్డ ఉంటుందా, చిన్ని కృష్ణుడే తిన్నాడు.

వాస్తవం: ఏడాది లోపు బిడ్డ దొరికినదల్లా నోట్లో పెట్టుకోవడం సహజం. రెండేళ్లు దాటిన తరువాత కూడా గోడ సున్నం గీరుకొని, బలపాలు కొరికి, మట్టి వెతుక్కొని తింటున్న బిడ్డను చూసి ముచ్చటపడటానికి వీల్లేదు. అలాంటి పిల్లలకు రక్తపరీక్ష చేస్తే తరచుగా ఇనుము లోపం బయటపడుతుంది. మట్టితో నులిపురుగుల గుడ్లు కడుపులోకి చేరతాయి, పాత గోడల రంగులో సీసం కూడా ఉండవచ్చు. ఫిబ్రవరిలోను ఆగస్టులోను అంగన్‌వాడీలలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను, ఏడాది నుంచి రెండేళ్ల వరకు సగం, ఆపైన పూర్తిది, తప్పకుండా వేయించండి. పిల్లలు మింగలేరు కనుక పొడి చేసి నీటిలో కలిపి ఇవ్వాలి.

అపోహ: పొలమారింది, దగ్గు తగ్గిపోయింది కనుక లోపలికి దిగిపోయినట్టే.

వాస్తవం: ఈ ఒక్క విషయం చదివినవారు ఇంట్లో అందరికీ చెప్పాలని నా కోరిక. చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, మన జిల్లాల పంట. కాయలు ఉడకబెట్టిన సాయంత్రం ఇంటిల్లిపాదీ వాకిట్లో కూర్చొని ఒలుచుకొని తింటుంటే, పరుగెత్తుతూ వచ్చిన బిడ్డ నోట్లో ఎవరో ఒకరు రెండు గింజలు వేస్తారు. బిడ్డ నవ్వుతూ పరుగెత్తుతుంది. హఠాత్తుగా ముఖం ఎర్రబడేలా దగ్గుతుంది, వీపు నిమురుతారు, దగ్గు ఆగుతుంది, మళ్లీ ఆటలో పడుతుంది. అందరూ మరచిపోతారు. రెండు వారాల తరువాత తగ్గని దగ్గుతో, పిల్లికూతలతో వచ్చిన బిడ్డకు న్యుమోనియా అనుకొని మందులు వాడుతుంటారు. నిజానికి ఆ గింజ ఊపిరితిత్తికి వెళ్లే గొట్టంలో, ఎక్కువగా కుడివైపున, ఇరుక్కొని, నీరు పీల్చి ఉబ్బి, దాని నూనె వల్ల చుట్టూ వాపు తెచ్చి ఉంటుంది. నమిలి పిండి చేయగల వెనుక దంతాలన్నీ రావడానికి రెండున్నరేళ్లు పడుతుంది, ఆ తరువాత కూడా నిదానంగా నమలడం పిల్లలకు వెంటనే అలవడదు. నాలుగేళ్లు నిండేదాకా చెనిక్కాయలు, జీడిపప్పు, బఠాణీలు, శనగలు గింజలుగా ఇవ్వకండి. అదే చెనిక్కాయలను పొడిగాను, చట్నీగాను పెడితే పిల్లలకు ఎంతో బలం. లడ్డూ పెట్టేటప్పుడు జీడిపప్పు, కలకండ, యాలక్కాయ ఏరివేసి చిదిమి పెట్టండి.

తింటూనో ఆడుతూనో హఠాత్తుగా పొలమారిన బిడ్డకు దగ్గు తగ్గినా, ఛాతీలో కూత గాని, ఒకవైపు గాలి తక్కువగా వెళ్లడం గాని ఉన్నదేమో అదే రోజు వైద్యుని చేత చూపించుకోవాలి, ఏమి తిన్నదో తప్పక చెప్పాలి. గింజ ఎక్స్-రేలో కనబడదు కనుక ఎక్స్-రే బాగుందన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. అనుమానం ఉంటే ఊపిరి గొట్టంలోకి సన్నని గొట్టం పంపి, అంటే బ్రాంకోస్కోపీ చేసి చూస్తారు, గింజ ఉంటే అప్పుడే తీసేస్తారు.

బిడ్డ గట్టిగా దగ్గుతున్నంత సేపు దగ్గనివ్వండి. గొంతులో వేలు పెట్టి వెతకకండి, వస్తువు ఇంకా లోపలికి పోతుంది. దగ్గలేక, ఏడవలేక, నీలంగా మారుతుంటే, ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో, అంటే మణికట్టు పక్కనున్న గట్టి భాగంతో, ఐదు దెబ్బలు వేయాలి, రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఒక చేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి, ఇలా మార్చి మార్చి చేయాలి. ఏడాది దాటిన బిడ్డకైతే వీపు మీద దెబ్బల తరువాత, వెనుక నుంచి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలి ఉంచి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి.

గంగమ్మ జాతరలో కొన్న బుడగ పగిలితే ముక్కలన్నీ ఏరిపారేయండి, ఆ రబ్బరు ముక్క గొంతుకు అతుక్కుంటే ఊపిరి అందదు. లైటు వెలిగే బొమ్మలలో ఉండే బిళ్ల బ్యాటరీని బిడ్డ మింగిందని అనుమానం వచ్చినా, రెండు గంటలలోనే అది అన్నవాహికను కాల్చివేయగలదు కనుక, మలంలో వస్తుందని ఎదురుచూడకుండా, వాంతి చేయించకుండా, ఆ క్షణమే ఎక్స్-రే, ఎండోస్కోపీ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.