థర్మోస్టాట్ చూడాలంటే కూలెంట్ మొత్తం తీసేయాలా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో వర్క్‌షాప్ నడుపుతున్నాను. మార్చి వచ్చిందంటే రోజూ వినే మాట ఒకటే: "అన్నా, బండి కొంచెం వేడెక్కుతోంది, థర్మోస్టాట్ పోయిందంటున్నారు, కూలెంట్ మొత్తం తీసి చూడాలంట." సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కున్నప్పుడు టెంపరేచర్ ముల్లు సగం దాటితే ఎవరికైనా టెన్షనే, కాదనను. కానీ పైపైన చూస్తేనే తేలిపోయే విషయానికి సిస్టమ్ విప్పించుకుని, కొత్త కూలెంట్‌కి డబ్బు కట్టి, పైగా లోపలికి గాలి చేరిన బండితో ఇంటికెళ్తుంటే చూడలేక ఇది రాస్తున్నా.

అపోహ: థర్మోస్టాట్ వాల్వ్ బయటికి తీస్తే తప్ప దాని సంగతి తెలియదు.

వాస్తవం: చాలా బండ్లలో తెలుస్తుంది. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్, అందులో మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి, స్ప్రింగ్‌ను నెట్టి వాల్వ్ తెరుస్తుంది. ఎక్కువ కార్లలో ఇది 82 నుంచి 88 డిగ్రీల మధ్య మొదలవుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ముందు కూలెంట్ లెవెల్ చూసుకుని స్టార్ట్ చేయండి, ఫ్యాన్‌కి, బెల్టుకి దూరంగా, ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే లావు హోస్‌ను అప్పుడప్పుడు తాకి చూడండి. మొదటి కొన్ని నిమిషాలు అది చల్లగానే ఉండాలి, ఇంజిన్ తగినంత వేడెక్కాక కొద్దిసేపట్లోనే చెయ్యి పెట్టలేనంత వేడి అవ్వాలి. అలా అయితే వాల్వ్ తెరుచుకున్నట్టే. స్టార్ట్ చేసినప్పటి నుంచే మెల్లగా వెచ్చబడుతూ వస్తే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది. ముల్లు పైకి పోతున్నా హోస్ చల్లగానే ఉంటే వాల్వ్ మూసుకుని ఇరుక్కుని ఉండొచ్చు, లేదా పంపు కూలెంట్‌ను తోయడం లేదు, లేదా లోపల గాలి ఉంది. అప్పుడు వెంటనే ఇంజిన్ ఆపేయండి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉంటుంది, వాటిలో చూడాల్సింది కింది హోసే.

చెయ్యి పెట్టడం ఇష్టం లేకపోతే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించి లోపలి రీడింగులు చూసే పరికరం) పెట్టి కూలెంట్ టెంపరేచర్ చూడండి. హైవే మీద అరగంట పోయినా 70 దాటకపోతే వాల్వ్ మూసుకోవడం లేదనే అనుమానించాలి. స్కానర్‌లో పి0128 అనే ఎర్రర్ కోడ్ వచ్చేది కూడా ఎక్కువగా ఇందుకే.

అపోహ: వేడెక్కిందంటే థర్మోస్టాటే.

ఎప్పుడు వేడెక్కుతోందో చెప్పండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. మారతహళ్లి ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డు ఖాళీ కాగానే దిగిపోతుంటే ముందు ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజు చూడాలి, ఎందుకంటే బండి కదిలితే గాలి తనంతట తానే తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఊళ్లో బాగానే ఉండి, చిత్తూరు నుంచి తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేసుకుంటే ముల్లు లేస్తోందంటే రేడియేటర్ దుమ్ముతోనో, లోపల తుప్పుతోనో పూడుకుని ఉండొచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు ఎర్రగీత వైపు పరుగెడితే అప్పుడు థర్మోస్టాట్ మీద నా అనుమానం మొదలవుతుంది. ఇంకోటి, చాలా కార్లలో ముల్లు నిజం మొత్తం చెప్పదు. 80 అయినా 100 అయినా అది మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే సెట్ చేస్తారు. కాబట్టి ముల్లు మధ్య దాటి కదిలిందంటే తేలిగ్గా తీసుకోవద్దు.

అపోహ: మన ఎండలకి వాల్వ్ తీసి పారేస్తే గొడవ వదులుతుంది.

ఈ సలహా విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. చాలా థర్మోస్టాట్లు రెండు పనులు చేస్తాయి: రేడియేటర్ దారి తెరుస్తూనే, ఇంజిన్‌లోనే తిరిగే బైపాస్ దారిని మూసేస్తాయి. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది. చల్లబరచడానికని చేసిన పని ఘాట్‌లో బండిని ఇంకా వేడెక్కిస్తుంది. బైపాస్ లేని ఇంజిన్‌లో దీనికి వ్యతిరేకం: ఇంజిన్ సరైన వేడికి రాదు, కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాక జిగురు కడుతుంది.

అపోహ: వేడిగా ఉన్నప్పుడే కూలెంట్ తీస్తే మురికి బాగా పోతుంది.

వద్దు. దయచేసి వద్దు. కూలెంట్ మూత కింద దాదాపు 1 బార్ ఒత్తిడి ఉంటుంది, అందుకే లోపల 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగదు. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చేతికి గుడ్డ చుట్టుకున్నా లాభం లేదు. పై హోస్ నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగండి.

వాల్వ్ తీయక తప్పకపోయినా మొత్తం ఖాళీ చేయాల్సిన పని లేదు. హౌసింగ్ (వాల్వ్ కూర్చునే గూడు) పైన ఉన్న ఇంజిన్లలో లెవెల్ దాని కిందికి వచ్చేవరకు శుభ్రమైన ట్రేలోకి పట్టుకుంటే చాలు, చిన్న కార్లలో సాధారణంగా లీటరు, రెండు లీటర్లు. తీసిన వాల్వ్‌ను దారం కట్టి నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. దాని అంచు మీద 82 అనో 88 అనో ఉంటుంది, ఆ అంకె దగ్గర కదలడం మొదలవ్వాలి. పూర్తిగా తెరుచుకుంటే చాలా వాటిలో సుమారు 8 మిల్లీమీటర్ల సందు వస్తుంది. ఒక మాట, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 100 దగ్గర పూర్తిగా తెరుచుకోవాల్సిన వాల్వ్ గిన్నెలో కొంచెం తక్కువ తెరుచుకుందని పారేయకండి. తిరిగి బిగించేటప్పుడు అంచులో గలగలలాడే చిన్న పిన్ను ఉంటే, మాన్యువల్ వేరే చెప్పకపోతే, అది పైకి ఉండాలి, గాలి పోయేది అక్కడి నుంచే. రబ్బరు సీలు కొత్తదే వేయండి.

అపోహ: ఇక్కడ మంచు గడ్డకట్టదు కదా, నీళ్లు చాలు.

కూలెంట్ గడ్డకట్టకుండా ఆపడానికే కాదు, తుప్పు పట్టకుండా, త్వరగా మరగకుండా కూడా. వైట్‌ఫీల్డ్ వైపు ట్యాంకర్ నీళ్లు పోస్తే బకెట్ మీద తెల్లగా కట్టే సున్నమే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. డిస్టిల్డ్ వాటరే కలపండి. రంగు చూసి రకం నిర్ణయించకండి, ఆకుపచ్చ, ఎరుపు అన్నది ఆయా కంపెనీల ఇష్టం, మాన్యువల్‌లో రాసిందే పోయండి.

తీసిన పాత కూలెంట్‌ను మోరీలో పారబోయకండి. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లో కూలెంట్ కూడా తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి. కొత్తది పోశాక హీటర్ ఫుల్‌లో పెట్టి, ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడపండి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద లెవెల్ మళ్లీ చూడండి. గాలి బయటికి పోయి ఉంటే లెవెల్ కాస్త దిగుతుంది, ఆ మేరకు నింపితే సరి.